రసాయన గణనం

పాఠ్యభాగ ఉద్దేశం

రసాయన శాస్త్రంలోని లెక్కలు కేవలం పరీక్షల కోసం ఏర్పడినవి కావు. పదార్థాల స్వభావాన్ని నిశ్చయంగా తెలుసుకోవాలన్న మానవుని తపన నుంచి అవి పుట్టాయి. ఆ లెక్కల వెనుక ఉన్న తర్కాన్ని, చరిత్రను, వాటిపై ఆధారపడిన మానవ ప్రాణాల విలువను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగులో గణిత శాస్త్రానికి ప్రాచీనమైన సంప్రదాయం ఉంది. మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణిత సారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. భారతీయ గణితవేత్తలు ఎంతో ఆదరించిన పద్ధతులలో త్రైరాశికం ఒకటి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో సైతం దీని ప్రస్తావన ఉంది. తెలిసిన మూడు రాశుల సాయంతో తెలియని నాలుగవ రాశిని కనుగొనడమే త్రైరాశికం. ఆ మూడింటికి ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని పేర్లు. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం లభిస్తుంది. అయితే ఇందులో ఒక నియమం ఉంది. ప్రమాణం, ఇచ్ఛ ఒకే జాతికి చెందినవై ఉండాలి. ఒకటి బియ్యమై, మరొకటి పప్పు అయితే లెక్క కుదరదు. నేటి కళాశాల విద్యార్థి రసాయన శాస్త్రంలో చేసే లెక్కలలో అధిక భాగం ఈ త్రైరాశికమే. అతడు చేసే పొరపాట్లలో అధిక భాగం కూడా ఈ నియమాన్ని మరచినందువల్ల కలిగేవే.

తూకంతో మొదలైన శాస్త్రం

పద్దెనిమిదవ శతాబ్దం వరకు రసాయన విద్య ప్రధానంగా రంగు, వాసన, రుచి, మంట వంటి గుణాల వర్ణనగానే సాగింది. దానికి త్రాసును నిత్య సాధనంగా చేసిన మహనీయుడు ఫ్రాన్సు దేశానికి చెందిన లావోయిజర్. మూసిన పాత్రలలో చర్యలు జరిపి, చర్యకు ముందు, చర్య తరువాత పదార్థాలను తూచి, మొత్తం ద్రవ్యరాశిలో మార్పు ఉండదని ఆయన నిరూపించాడు. 1789లో వెలువడిన తన గ్రంథంలో ఈ ద్రవ్య నిత్యత్వ నియమాన్ని స్పష్టంగా ప్రతిపాదించాడు. రసాయన చర్య ఒక జమాఖర్చుల పుస్తకం వంటిదని దీని తాత్పర్యం. వచ్చినది, పోయినది, మిగిలినది సరిపోలకపోతే లోపం ప్రకృతిలో కాక, లెక్కలో ఉందని గ్రహించాలి.

అదే కాలంలో జర్మనీకి చెందిన రిక్టర్ అనే శాస్త్రజ్ఞుడు, పదార్థాలు పరస్పరం ఏయే పాళ్లలో సంయోగం చెందుతాయో కొలిచే విద్యకు 1792లో స్టాయికియోమెట్రీ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో 'స్టాయికియాన్' అంటే మూలకం, 'మెట్రాన్' అంటే కొలత. మూలకాల కొలత అని ఆ పదానికి అర్థం.

లెక్కించలేని దానిని లెక్కించడం

తూకం ఒక్కటే సరిపోదన్న సత్యం క్రమంగా బయటపడింది. రెండు హైడ్రోజన్ అణువులు ఒక ఆక్సిజన్ అణువుతో కలిసి రెండు నీటి అణువులు ఏర్పడతాయని సమీకరణం చెబుతుంది. దీనిని చూసి రెండు గ్రాముల హైడ్రోజన్‌కు ఒక గ్రాము ఆక్సిజన్ చాలునని భావించే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. సమీకరణంలోని అంకెలు అణువుల సంఖ్యలే కాని గ్రాములు కావు. నిజానికి 4 గ్రాముల హైడ్రోజన్‌కు 32 గ్రాముల ఆక్సిజన్ అవసరం. అప్పుడు 36 గ్రాముల నీరు లభిస్తుంది.

చర్య జరిగేది అణువుల సంఖ్య ప్రకారం. త్రాసు తూచేది ద్రవ్యరాశిని. ఈ రెండింటి మధ్య వంతెన కావాలి. ఆ వంతెన పేరే మోల్. రెండింటిని జత అని, పన్నెండింటిని డజను అని వ్యవహరించినట్లే, ఒక నిర్ణీత సంఖ్యలో ఉన్న కణాల సమూహాన్ని మోల్ అంటారు. ఆ సంఖ్య ఎంత పెద్దదో చెప్పాలంటే 6 తరువాత 23 సున్నలు చేర్చాలి. కచ్చితమైన విలువ 6.02214076ను, పదిని 23 సార్లు వేసి గుణించగా వచ్చిన లబ్ధంతో గుణిస్తే వస్తుంది. 2019 మే 20 నుంచి అంతర్జాతీయ ప్రమాణాల వ్యవస్థ ఈ విలువనే మోల్‌కు నిర్వచనంగా అమలులోకి తెచ్చింది. సమాన ఘనపరిమాణాలు గల వాయువులలో, ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద, సమాన సంఖ్యలో అణువులుంటాయని 1811లో ప్రతిపాదించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు అవొగాడ్రో పేరు దీనికి పెట్టారు. ఆయన జీవితకాలంలో ఆ మాటను పట్టించుకున్నవారు అరుదు. 1860లో కార్ల్స్‌రూహే నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో కనిజారో అదే భావాన్ని సమర్థించిన తరువాతనే పరమాణు భారాల విషయంలో నెలకొన్న గందరగోళం తొలగడం ప్రారంభమైంది.

సున్నపు బట్టీ చెప్పే పాఠం

సున్నపురాయి తెలుగు నేలలో విస్తారంగా లభిస్తుంది. నల్గొండ, పల్నాడు, కడప, కర్నూలు ప్రాంతాల సిమెంటు పరిశ్రమకు అదే ఆధారం. దానిని బట్టీలో బాగా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వెలువడి పొడిసున్నం మిగులుతుంది. సున్నపురాయిలోని ముఖ్య పదార్థమైన కాల్షియం కార్బొనేట్ అణుభారం 100. పొడిసున్నం అణుభారం 56, కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44.

ఒక బట్టీలో 250 కిలోల సున్నపురాయి వేశారనుకుందాం. అందులో 80 శాతమే కాల్షియం కార్బొనేట్. తక్కినది బట్టీలో మార్పు చెందని మలినమని భావిద్దాం. అయితే ఎంత పొడిసున్నం లభిస్తుంది?

మొదటి మెట్టు శుద్ధ పదార్థాన్ని వేరుచేసి చూడటం. 250 కిలోలలో 80 శాతం అంటే 200 కిలోలు, అంటే 2,00,000 గ్రాములు. రెండవ మెట్టు గ్రాములను మోల్‌లుగా మార్చడం. 2,00,000ను 100తో భాగిస్తే 2,000 మోల్‌లు. మూడవ మెట్టు సమీకరణాన్ని సంప్రదించడం. ఒక మోల్ కార్బొనేట్‌కు ఒక మోల్ పొడిసున్నం వస్తుంది కనుక 2,000 మోల్‌ల పొడిసున్నం లభిస్తుంది. నాలుగవ మెట్టు మోల్‌లను తిరిగి గ్రాములుగా మార్చడం. 2,000ను 56తో గుణిస్తే 1,12,000 గ్రాములు, అంటే 112 కిలోలు.

అయిదవ మెట్టును పలువురు విద్యార్థులు విడిచిపెడతారు. అది సరిచూచుకోవడం. వెలువడిన వాయువు 88 కిలోలు. మిగిలిన మలినం 50 కిలోలు. 112, 88, 50 కలిపితే 250. జమాఖర్చులు సరిపోయాయి. త్రైరాశికంలో చూచినా ప్రమాణం 100, ఫలం 56, ఇచ్ఛ 200. ఇచ్ఛాఫలం 112.

ఈ పొడిసున్నంలో నీరు పోస్తే వేడి పుట్టి, 74 అణుభారం గల తడిసున్నం తయారవుతుంది. నీటి అణుభారం 18. పై 112 కిలోల పొడిసున్నానికి 18 కిలోల నీరే చర్యలో పాల్గొన్నదని అనుకుందాం. పొడిసున్నం 2,000 మోల్‌లు, నీరు 1,000 మోల్‌లు. ఎంత పొడిసున్నం ఉన్నా, నీరు ఉన్నంత మేరకే చర్య సాగుతుంది. 1,000 మోల్‌ల తడిసున్నం, అంటే 74 కిలోలు ఏర్పడి, 56 కిలోల పొడిసున్నం అలాగే మిగిలిపోతుంది. ముందుగా అయిపోయి చర్యకు హద్దు గీసే పదార్థాన్ని పరిమిత క్రియాజనకం అంటారు. ఏది తక్కువ బరువుందో అదే పరిమితమని తలచడం పొరపాటు. మోల్‌లలో చూచి, సమీకరణం కోరిన పాళ్లతో పోల్చి నిర్ణయించాలి.

ప్రమాణాలు మరచిన నాడు

లెక్కలో సంఖ్య ఎంత ముఖ్యమో, దాని ప్రక్కన ఉండే ప్రమాణం అంత ముఖ్యం. 1983 జూలై 23న కెనడాలో మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్‌కు బయలుదేరిన ఒక ప్రయాణిక విమానం ఇందుకు సాక్ష్యం. ఆ విమానంలో ఇంధనాన్ని చూపే మీటర్లు పనిచేయలేదు. అందువల్ల ట్యాంకులలో ఉన్న ఇంధనాన్ని లీటర్లలో కొలిచి, సాంద్రతతో గుణించి బరువు కట్టారు. ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకులలో 7,682 లీటర్లు ఉంది. లీటరు ఇంధనం బరువు సుమారు 0.8 కిలోలు. కాని లెక్క కట్టినవారు 1.77 అనే సంఖ్యను వాడారు. అది లీటరుకు పౌండ్లలో చెప్పిన విలువ. దానివల్ల సుమారు 6,170 కిలోల ఇంధనం 13,597 కిలోలుగా కనిపించింది. దాదాపు 20,000 లీటర్లు పోయవలసిన చోట సుమారు 4,900 లీటర్లే పోశారు.

సుమారు 41,000 అడుగుల ఎత్తున ఎగురుతుండగా ఇంధనం అయిపోయి ఇంజన్లు ఆగిపోయాయి. పైలట్ల నేర్పు వల్ల విమానం గాలిలో జారుతూ గిమ్లీ అనే ఊరిలోని పాత విమానస్థావరంపై దిగింది. అందులోని 69 మంది ప్రాణాలతో బయటపడ్డారు. గుణకారంలోను, భాగహారంలోను దోషం లేదు. 1.77 ప్రక్కన 'లీటరుకు పౌండ్లు' అని వ్రాసి ఉంటే పొరపాటు ఆ కాగితంపైనే పట్టుబడి ఉండేది. ఒకే జాతి రాశులనే పోల్చాలన్న త్రైరాశిక నియమానికి ఇంతకన్న వ్యాఖ్యానం అవసరం లేదు.

ప్రాణం పోసిన పాళ్లు

లెక్క తప్పితే ప్రమాదం. లెక్క కుదిరితే మహోపకారం. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు తరలివచ్చారు. బన్‌గావ్ శిబిరాలలో కలరా వ్యాపించింది. రక్తనాళాలలోకి ఎక్కించే సెలైన్ నిల్వలు తరిగిపోయాయి. అత్యవసరమైన ఆ స్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంట సోడా, గ్లూకోజులను నిర్ణీత పాళ్లలో నీటిలో కలిపి రోగులచేత త్రాగించాడు. లీటరు నీటికి ఉప్పు 3.5 గ్రాములు, వంట సోడా 2.5 గ్రాములు, గ్లూకోజు 22 గ్రాములు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు, ఈ చికిత్స పొందినవారిలో 4 శాతం కంటే తగ్గాయి. 2022లో మరణించిన ఆయనకు భారత ప్రభుత్వం 2023లో పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఈ ద్రావణం సూత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించింది. నేటి పొట్లంలో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్ ఉంటాయి. గ్రాములలో చూస్తే గ్లూకోజు ఉప్పుకు అయిదు రెట్లు. ఇందులోని మర్మం మోల్‌లలో చూస్తేనే తెలుస్తుంది. 13.5ను గ్లూకోజు అణుభారమైన 180తో భాగిస్తే 0.075 మోల్‌లు. 2.6ను ఉప్పు అణుభారమైన 58.5తో భాగిస్తే 0.044 మోల్‌ల సోడియం. 2.9ను సిట్రేట్ అణుభారమైన 294తో భాగిస్తే 0.0099. దాని అణువుకు మూడు సోడియం అయాన్‌లు కనుక మరొక 0.030. వెరసి 0.074. అంటే గ్లూకోజు, సోడియం దాదాపు సరిసమానం. చిన్నప్రేగు గోడ సోడియంను, గ్లూకోజును జతగా లోపలికి గ్రహిస్తుంది. వాటిని అనుసరించి నీరు శరీరంలోకి చేరుతుంది. పొట్లంలోని పాళ్ల వెనుక ఉన్న రహస్యం ఇదే.

లీటరు నీటిలో కలపవలసిన ఆ పొట్లాన్ని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే గాఢత అయిదు రెట్లవుతుంది. అంతటి ఉప్పదనం పసిబిడ్డకు మేలు చేయకపోగా కీడు చేస్తుంది. పొట్లంపై ముద్రించిన 'ఒక లీటరు' అన్న మాట కూడా రసాయన గణనంలో భాగమే.

ముగింపు

సూత్రాలను వల్లించినంత మాత్రాన లెక్కలు రావు. ఏది ఇచ్చారు, ఏది అడిగారు, రెండింటినీ కలిపే దారి ఏది అని ముందుగా ఆలోచించాలి. ప్రతి సంఖ్య ప్రక్కన ప్రమాణం వ్రాయాలి. జవాబు వచ్చిన పిమ్మట అది సంభవమా, అసంభవమా అని ప్రశ్నించుకోవాలి. 250 కిలోల రాయి నుంచి 300 కిలోల సున్నం వచ్చిందంటే కలం ఆపి వెనుకకు చూడాలి. త్రాసుకు రెండు దశాంశ స్థానాలే తెలిసినప్పుడు కాలిక్యులేటర్ చూపిన ఎనిమిది అంకెలనూ జవాబులో వ్రాయడం కచ్చితత్వం అనిపించుకోదు. తెలిసినంతే చెప్పడం శాస్త్రంలో నిజాయితీ. ఆ నిజాయితీని నిత్యం అభ్యసింపజేస్తుంది కనుకనే రసాయన గణనం విద్యార్థి దశలో నేర్వదగిన విద్య.

కఠిన పదాలు – అర్థాలు

ద్రవ్యరాశి : వస్తువులో ఉన్న పదార్థ పరిమాణం
సంయోగం : కలయిక
క్రియాజనకం : చర్యలో పాల్గొనే పదార్థం
సాంద్రత : నిర్ణీత ఘనపరిమాణంలో ఉండే ద్రవ్యరాశి
మర్మం : రహస్యం
వెరసి : మొత్తం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రసాయన శాస్త్రంలో తూకానికి, మోల్ భావనకు గల ప్రాధాన్యాన్ని వివరించండి.
2. లెక్కలోని లాభనష్టాలు మానవ ప్రాణాలతో ఎట్లా ముడిపడి ఉన్నాయో పాఠం ఆధారంగా తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. త్రైరాశికంలోని నియమం ఏమిటి? గిమ్లీ ఘటనకు దానిని అన్వయించండి.
2. పరిమిత క్రియాజనకం అంటే ఏమిటి?
3. 500 కిలోల సున్నపురాయిలో 90 శాతం కాల్షియం కార్బొనేట్ ఉంటే ఎంత పొడిసున్నం లభిస్తుంది? మెట్లవారీగా వ్రాసి సరిచూడండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. స్టాయికియోమెట్రీ అనే పేరు పెట్టినవారు ఎవరు?
2. పావులూరి మల్లన అనువదించిన గ్రంథం ఏది?

ఈ) పదాలను విడదీసి సంధి పేరు తెలపండి
అత్యవసరం, మహోపకారం, శరణార్థులు

ఉ) విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి
మూడు రాశులు, లాభనష్టాలు, మానవ ప్రాణాలు