ఆగని పని, ఆగిపోయిన కంప్యూటరు

నిజామాబాదు జిల్లాలో బోధన్ పేరు చెప్పగానే పెద్దలకు చక్కెర గుర్తుకు వస్తుంది. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో ఈ ప్రాంతంలో చెరకు సాగు పెరిగింది. 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో వెలసింది. 2015లో అది మూతపడింది. అయితే చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్లు బారులు తీరడాన్ని ఊహించుకుంటే, కంప్యూటరు ఒక్కొక్కసారి ఎందుకు బిగుసుకుపోతుందో సులభంగా అర్థమవుతుంది.

బండ్ల బారు

నరికిన చెరకును నిలవ ఉంచితే అందులోని సుక్రోజు కొంచెం కొంచెంగా గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. ఆ మేరకు చక్కెర దిగుబడి తగ్గుతుంది. కనుక బండి ఎంతసేపు నిలిచిందన్నది చిన్న విషయం కాదు.

ఒక లెక్క వేద్దాం. తూకం వేసే కాటా ఒక్కటే ఉన్నది. ఒక పెద్ద రైతు 400 బండ్లు తెచ్చాడు. అతని వెనుక ఒక్కొక్క బండితో 30 మంది చిన్న రైతులున్నారు. బండికి 2 నిమిషాలు పడితే పెద్ద రైతు పని ముగిసేసరికి 13 గంటల 20 నిమిషాలవుతుంది. కాటా దగ్గరి గుమాస్తా ఒక్క క్షణం కూడా ఊరికే కూర్చోలేదు. అయినా వెనుకనున్న వారికి కాటా ఆగిపోయినట్లే!

అదే గుమాస్తా 10 బండ్లకొకసారి వెనక్కు చూసి, ఐదుగురు చిన్న రైతులను పంపాడనుకోండి. 3 గంటల్లో 30 మందీ ఇళ్లకు పోతారు. పెద్ద రైతుకు అయ్యే ఆలస్యం ఒక్క గంట మాత్రమే.

కెర్నెల్ చేసే పని

కంప్యూటరులో కాటా వంటిది ప్రాసెసరు. ప్రోగ్రాములన్నిటికీ దానిపై వంతులు వేసేది ఆపరేటింగ్ సిస్టం. దాని మూలభాగాన్ని కెర్నెల్ అంటారు. ప్రోగ్రాములకు మెమొరీని పంచి ఇవ్వడం, పని ముగిశాక తిరిగి తీసుకోవడం కూడా కెర్నెల్ బాధ్యతే.

మెమొరీని కెర్నెల్ పేజీలుగా విభజిస్తుంది. చాలా కంప్యూటర్లలో ఒక పేజీ అంటే 4096 బైట్లు. 16 గిగాబైట్లు వాడుకున్న ఒక ప్రోగ్రాము ముగిసిందనుకుందాం. అంటే 41,94,304 పేజీలు! కెర్నెల్ ప్రతి పేజీ పద్దునూ చెరిపి, దానిని ఖాళీ పేజీల జాబితాలో చేర్చాలి. పేజీకి ఒక మైక్రోసెకను చొప్పున లెక్కించినా మొత్తం 4 సెకన్లు దాటుతుంది.

మామూలు ప్రోగ్రాము ఎక్కువసేపు నడిస్తే, టైమర్ సంకేతం రాగానే కెర్నెల్ దానిని పక్కకు తప్పిస్తుంది. మరి కెర్నెలే పనిలో మునిగి ఉంటే? చాలా సర్వర్లలో వాడుతూ వచ్చిన అమరికలో దానిని మధ్యలో ఎవరూ తప్పించరు. “మరొకరు వేచి ఉన్నారు” అనే గుర్తును మాత్రం టైమర్ పెట్టి ఊరుకుంటుంది. కెర్నెల్ ఆ గుర్తును చూసే వరకు, ఆ ప్రాసెసరుపై వంతు రావలసిన ప్రోగ్రాములన్నీ కదలకుండా ఉంటాయి. మీట నొక్కితే తెరపై అక్షరం పడదు. చూసేవారు యంత్రం చెడిపోయిందనుకుంటారు. నిజానికి అది తీరిక లేకుండా పని చేస్తున్నది!

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్‌లో దీనిని కనిపెట్టడానికి ‘వాచ్‌డాగ్’ అనే కావలి ఉన్నది. ఒక ప్రాసెసరు సుమారు 20 సెకన్లు ఇలా చిక్కుకుపోతే అది హెచ్చరిక రాస్తుంది. కావలి కుక్క మొరుగుతుంది గాని, చిక్కు విప్పదు.

నివారణ ఎలా?

పెద్ద పనిని చిన్న విడతలుగా చేయాలి. ప్రతి విడత చివర ఆ గుర్తును చూడాలి. గుర్తు ఉంటే, ఎంతవరకు అయిందో జ్ఞాపకం ఉంచుకుని ప్రాసెసరును ఇతరులకు వదలాలి. తన వంతు రాగానే అక్కడి నుంచే కొనసాగించాలి. గుర్తు లేకపోతే ఆగనక్కర లేదు. లినక్స్‌లో ఇందుకోసం ‘కాండ్ రీషెడ్’ అనే చిన్న ఆదేశాన్ని పొడవాటి పనుల మధ్య ఉంచుతూ వచ్చారు.

అయితే ఎక్కడపడితే అక్కడ ఆగకూడదు. బండి కాటా మీద ఉండగా గుమాస్తా లేచిపోతే ఎవరి తూకమూ సాగదు. అలాగే, ఇద్దరు ఒకే జాబితాను ఒకేసారి మార్చకుండా కెర్నెల్ దానికి ‘తాళం’ వేసుకుంటుంది. తాళంతోనే పక్కకు తప్పుకుంటే, దాని కోసం వచ్చినవారు చిక్కుకుపోతారు. కనుక ముందు తాళం తీసి, దారి ఇచ్చి, తరువాత మళ్లీ తాళం వేసుకోవాలి. ఈలోగా జాబితా మారి ఉండవచ్చు. అందుకని తిరిగి వచ్చాక మరొకసారి సరిచూసుకోవాలి.

ఎంత తరచుగా చూడాలనేది మరొక ప్రశ్న. ప్రతి పేజీకీ చూస్తే ఆ చూడడానికే కాలం ఖర్చవుతుంది. 512 పేజీలకొకసారి చూస్తే చాలునా? మన లెక్క ప్రకారం విడతకు సుమారు అర మిల్లీసెకను పడుతుంది. మొత్తం 8192 సార్లు చూస్తే సరిపోతుంది. అర మిల్లీసెకను ఆలస్యాన్ని మన కన్ను పసిగట్టలేదు.

ఇలాంటి ఆదేశాలను ఒక్కొక్క చోట చేత్తో ఉంచడంలో, ఎక్కడో ఒకచోట మరచిపోయే ప్రమాదమున్నది. అందుకని 2025 జనవరిలో వెలువడిన లినక్స్ 6.13లో ‘లేజీ ప్రీఎంప్షన్’ అనే పద్ధతిని చేర్చారు. ఇందులో కెర్నెల్‌కు ముందు కొంత వ్యవధి ఇస్తారు. అప్పటికీ అది దారి ఇవ్వకపోతే, తాళం లేని సమయం చూసి తప్పిస్తారు.

వేగంగా పని చేయడం ఒక్కటే చాలదు. వేచి ఉన్నవారి వైపు సకాలంలో చూడడం కూడా మంచి యంత్రానికి కావలసిన గుణమే.

మీరే లెక్కించండి

1. 64 గిగాబైట్లలో 4096 బైట్ల పేజీలు ఎన్ని ఉంటాయి? పేజీకి ఒక మైక్రోసెకను చొప్పున, మధ్యలో ఆగకుండా చేస్తే వాచ్‌డాగ్ మొరుగుతుందా?

2. గుమాస్తా 10 బండ్లకు బదులు 50 బండ్లకొకసారి వెనక్కు చూస్తే, 30వ చిన్న రైతు పని ఎన్ని గంటలకు ముగుస్తుంది?