రెండుమారులు కదలిన గృహము

ఇంగ్లండు దేశమునందలి మాంచెస్టరు నగరమున ‘ఓల్డ్ వెల్లింగ్టన్’ అను పానశాల కలదు. 1552వ సంవత్సరమున నిర్మింపబడిన ఈ గృహము 19వ శతాబ్దమున పానశాలగా మారినది. తెల్లని గోడలపై నల్లని దూలములు అడ్డముగను నిలువుగను కనబడుచుండును. అవి అలంకారములని భ్రమపడరాదు. ఇటుకయింట గోడయే కప్పును మోయును. ఇచట భారమంతయు స్తంభములును దూలములును వహించును. గోడ వట్టి తెర మాత్రమే.

ఇట్టి యిండ్లకు ఓక్ కలపను పచ్చిగా నున్నప్పుడే చెక్కెడివారు. ఎండినచో నది ఉలికి లొంగదు. దూలపు కొనను నాలుకవలె చెక్కి, స్తంభమున తొలిచిన గూటిలో దూర్చి, రెంటికిని రంధ్రములు చేసి కొయ్యమేకు దిగగొట్టెడివారు. రెండు రంధ్రములును సరిగా ఎదురెదురుగా నుండవు, కించిత్తు ఎడముగా నుండును. అందే యున్నది వడ్రంగి నేర్పు! మేకు దిగినకొలది కీలు బిగిసికొనును. కలప ఎండుచు వంగుటచే ఇట్టి యిండ్లలో తిన్నని గీత యరుదు. చూచువారు కూలునేమో యని జంకుదురు గాని, ఆ వంకరతోడనే అవి శతాబ్దములు నిలిచినవి.

దూలముల నడుమ సన్నకొమ్మల తడికలల్లి, బంకమన్ను, గడ్డి, పేడ కలిపి మెత్తెడివారు. మన పల్లెలలో మట్టి మెత్తిన తడికగోడలను చూచినవారికిది వింతగాదు.

వడ్రంగులు చట్రమును తొలుత నేలపై కూర్చి, కీళ్లపై అంకెలు చెక్కి, విప్పి, స్థలమునకు గొనిపోయి నిలిపెడివారు. విప్పుటకు వీలైన యిల్లు గనుకనే వెల్లింగ్టన్‌కు ఆయువు దక్కినది.

1970 ప్రాంతమున చుట్టును నూతన విపణిభవనములు లేచినపుడు, ఈ గృహమును 4 అడుగుల 9 అంగుళములు పైకెత్తిరి. 1996 జూన్ 15న ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీవారి బాంబు నగరమధ్యమున ప్రేలెను. రెండువందలకు మించిన జనులు గాయపడిరి, పెద్దభవనములు పాడైనవి. వెల్లింగ్టన్ దెబ్బతినియు కూలలేదు. నగరమును పునర్నిర్మించునపుడు క్రొత్తవీథికి ఇది అడ్డమయ్యెను. పడగొట్టుట సులభమే! అయినను వారు అట్లు చేయక, కొయ్యకొయ్యను విప్పి, సుమారు 300 మీటర్ల దూరమున మరల కూర్చిరి. 1999 నాటికి ఆ పని ముగిసెను.

చోటు మారినది ప్రాచీనగృహ మెట్లగునని కొందరందురు. విప్పి కూర్చుటకే పుట్టిన యింటిపై ఆ యాక్షేపము చెల్లునా?

మునుపు ఒకే వరుసలో నుండిన పొరుగుభవనముతో నిప్పుడది మూలమట్టముగా నిలిచి, పెద్దచర్చి చెంత, ముంగిట బల్లలు పరచి అతిథుల నాహ్వానించుచున్నది.