ఎండాకాలంలో మంచుమీద జారాలంటే

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో మౌంట్ హుడ్ అనే 3,429 మీటర్ల అగ్నిపర్వతం ఉంది. దానిమీద జూన్, జూలై నెలల్లోనూ పిల్లలకు స్నోబోర్డు శిబిరాలు జరుగుతుంటాయి. ఎండకు మెత్తబడిన మంచులో బోర్డు కూరుకుపోతుంది. అందుకని ఏం చల్లుతారో తెలుసా? ఉప్పు! ఉప్పు తగిలిన మంచు కొంత కరుగుతుంది. అందుకు కావలసిన గుప్తోష్ణాన్ని పక్కనున్న తడిమంచు నుంచే లాక్కుంటుంది. దాంతో ఆ తడిమంచు గట్టిపడుతుంది. చేత్తో తిప్పే ఐస్‌క్రీం పీపాలో ఐసుతోపాటు ఉప్పు వేసేదీ ఇందుకే.

ఇక సామాను సర్దేటప్పుడు మొదట పెట్టుకోవలసినవి అతినీలలోహిత కిరణాలను ఆపే కళ్ళద్దాలు. 1,000 మీటర్లు ఎక్కితే ఆ కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. పైగా మంచు వాటిని తిప్పికొడుతుంది. తాజా మంచైతే 80 శాతం దాకా! అంటే ఎండ కిందనుంచి కూడా కాస్తుందన్నమాట. కనుక లేపనం గడ్డం కింద కూడా పూయాలి. కళ్ళకు జరిగిన హాని వెంటనే తెలియదు. కొన్ని గంటలయ్యాక, ఇసుక పడ్డట్టు మంట మొదలవుతుంది.