సలసల, కుతకుత, బుడబుడ - చప్పుడు నుంచి పుట్టిన మాటలు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ధ్వన్యనుకరణ పదాలను గుర్తించగలుగుతారు.
- 'బుడగ' వంటి మాటలు ఎలా పుట్టాయో చెప్పగలుగుతారు.
- సందర్భానికి తగిన మాటను సొంత వాక్యాలలో వాడగలుగుతారు.

1. రెండు మాటలు, ఒకే బుడగ

జంషెడ్‌పూర్‌లో 1912లో ఉక్కు తయారీ మొదలయింది. పని కోసం శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్ళి స్థిరపడ్డాయి. ఆ ఊరిలోని కద్మాలో ఒక తెలుగు ఇంటిని ఊహించుకోండి. "ఎసరు సలసల కాగుతోంది, బియ్యం పొయ్యి" అంటుంది అమ్మమ్మ. "అవును అమ్మమ్మా, బుల్బులాలు వస్తున్నాయి" అంటాడు మనవడు. 'బుల్బులా' హిందీ మాట. అయినా అమ్మమ్మకు అర్థమవుతుంది. ఎందుకు?

మూసిన పెదవులు విడిచి 'బు' అనండి. లోపలి గాలి ఒక్కసారి బయటికి వస్తుంది. నీటిలో బుడగ పగిలేదీ ఇంచుమించు ఇలాగే. తెలుగులో బుడగ, బుగ్గ, సంస్కృతంలో బుద్బుదం, హిందీలో బుల్బులా, ఇంగ్లీషులో బబుల్. అన్నింటిలోనూ 'బ' ఉంది. ఇలా చప్పుడును అనుకరించే మాటలను ధ్వన్యనుకరణ పదాలు అంటారు.

ఒక జాగ్రత్త. పోలిక ఉన్నంత మాత్రాన ఒక మాట మరొక మాట నుంచి వచ్చిందని అనుకోకూడదు. ఒకే చప్పుడు విని వేరువేరు భాషలవారు దగ్గర దగ్గర మాటలు పుట్టించుకోవచ్చు.

2. ఏ మాట ఎక్కడ?

సలసల - పలుచని నీరు, నూనె కాగేటప్పుడు.
కుతకుత - అన్నం, పప్పు చిక్కగా ఉడికేటప్పుడు.
బుడబుడ - నీటిలో మునిగిన బిందె నుంచి గాలి పైకి వచ్చేటప్పుడు.

మాట రెండుసార్లు రావడం వల్ల చప్పుడు ఆగకుండా సాగుతోందని తెలుస్తుంది. ఒక్కసారే జరిగితే 'బుడుంగున మునిగింది' అంటాం. వీటికి 'అని' చేరితే నడుమ 'మ' వస్తుంది: సలసలమని, బుడబుడమని.

3. బుడగలు వచ్చినంత మాత్రాన మరిగినట్లేనా?

కాదు. బిందెలో నీరు చల్లగానే ఉంటుంది, అయినా బుడగలు వస్తాయి. ఉక్కు కొలిమిలోనూ అంతే. కరిగిన ఇనుములోని కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ వాయువు అవుతుంది. అది పైకి వస్తుంటే లోహం తుకతుక ఉడుకుతున్నట్లు కనిపిస్తుంది. అప్పుడు వేడి సుమారు 1600 డిగ్రీల సెల్సియస్. ఇనుము నిజంగా మరగాలంటే 2800 డిగ్రీలు దాటాలి. కనుక కాగడం, మరగడం, పొంగడం, బుడగలు రావడం వేరువేరు పనులు. తగిన మాట వాడితేనే వినేవారికి సరైన సంగతి తెలుస్తుంది.

4. మనసుకు చేరిన మాటలు

'కోపంతో కుతకుత ఉడికిపోయాడు', 'రక్తం సలసల మరిగింది' అంటాం. క్షణంలో పోయేదాన్ని 'బుద్బుదప్రాయం' అంటాం.

'బుల్బులా' అనడం తప్పు కాదు. అది మీకు వచ్చిన మరో భాష. దాని పక్కన 'బుడగ'ను కూడా నిలుపుకోండి. ఇంట్లో పలకని మాట పిల్లలకు అందదు.

మీ ప్రగతిని తెలుసుకోండి

ఖాళీలు పూరించండి.
అ) పప్పు ______ ఉడుకుతోంది.
ఆ) చెంబు ______మని మునుగుతోంది.
ఇ) మీ ఇంట్లో వినిపించే మరో మూడు ధ్వన్యనుకరణ పదాలు రాయండి.

జవాబులు: అ) కుతకుత ఆ) బుడబుడ ఇ) ఇంట్లో పెద్దవారిని అడిగి రాయండి.