అందరి అడ్రసూ 127.0.0.1

మా ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైట్‌ని రాత్రి 9 గంటలకి ఓపెన్ చేశాం. పది నిమిషాల్లో గ్రూపు నిండా ఒకటే గోల: "429 వస్తోంది రా!" నువ్వు మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు అని సర్వర్ విసుక్కోవడమే 429. కానీ వాళ్ళలో చాలామంది పేజీ తెరవడమే అప్పుడు మొదటిసారి.

మా సెటప్ చెప్తాను. క్లౌడ్‌లో ఒక చిన్న మెషీన్. అందులో 3000 పోర్టులో నోడ్ యాప్, దాని ముందు ఎన్జిన్‌ఎక్స్. ఇది ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ ఇంజనీర్ 2004లో విడుదల చేసిన వెబ్ సర్వర్. బయటినుంచి వచ్చే ప్రతి రిక్వెస్టూ ముందు దాని చేతికే వస్తుంది. అది యాప్‌ని అడిగి, జవాబు తెచ్చి ఇస్తుంది. అదే రివర్స్ ప్రాక్సీ. కాన్ఫిగ్‌లో లొకేషన్ బ్లాక్ తెరిచి, ప్రాక్సీ_పాస్ పక్కన యాప్ అడ్రస్ రాస్తే పని మొదలవుతుంది. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ సంగతి అదే చూసుకుంటుంది. యాప్ పడిపోతే 502 చూపించేదీ అదే.

తప్పెక్కడంటే, ఒక ఐపీకి 15 నిమిషాల్లో 100 రిక్వెస్టులే అని యాప్‌లో లిమిట్ పెట్టాం. హాస్టల్లో పార్సిళ్ళన్నీ వాచ్‌మనే గదికి తెచ్చిస్తే మనకి కనిపించేది వాచ్‌మన్ మొహమే కదా! అలాగే యాప్‌కి కనిపించింది ఎన్జిన్‌ఎక్స్ ఒక్కటే, అంటే 127.0.0.1. కాలేజీ మొత్తం కలిసి ఆ 100 పంచుకుంది.

అసలు అడ్రస్‌ని చీటీ మీద రాసి లోపలికి పంపాలి. ప్రాక్సీ_సెట్_హెడర్‌తో ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్ పెట్టాం. యాప్ దాన్ని నమ్మాలి కాబట్టి ఎక్స్‌ప్రెస్‌లో ట్రస్ట్ ప్రాక్సీని ట్రూ చేశాను. ఇది నా రెండో తప్పు. ఆ హెడర్‌ని ఎవరైనా ముందే రాసి పంపొచ్చు. ఎన్జిన్‌ఎక్స్ అసలు ఐపీని దాని చివర కలుపుతుంది, ట్రూ అంటే యాప్ మొదటిది తీసుకుంటుంది. మా రూమ్మేట్ కర్ల్‌తో రోజుకో ఐపీ కాదు, సెకనుకో ఐపీ మార్చి చూపించాడు. ట్రూ తీసేసి 1 పెడితే చివరిదే తీసుకుంటుంది. 3000 పోర్టు కూడా బయటికి తెరిచే ఉంది! ఎన్జిన్‌ఎక్స్‌ని తప్పించుకుని నేరుగా యాప్‌కే వచ్చేయొచ్చు. యాప్‌ని 127.0.0.1 మీద మాత్రమే వినమన్నాం.

అన్నీ సరిచేశాక కూడా హాస్టల్ వాళ్ళకి మళ్ళీ 429. వైఫైలో ఉన్నవాళ్ళందరూ బయటికి వెళ్ళేది ఒకే పబ్లిక్ ఐపీతో మరి. చివరికి లిమిట్‌ని ఐపీ మీద తీసేసి, లాగిన్ అయిన రోల్ నంబర్ మీద పెట్టాం. అప్పటికి రాత్రి 11 దాటింది.