ఫాంటసీ లీగ్ చందా బాకీలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఫాంటసీ లీగ్‌లో ఒకరిద్దరు చందా ఎగ్గొడితే నష్టపోయేది ఎవరు?

జవాబు: అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫాంటసీ ఆటకు 1962లో రూపమిచ్చినవాళ్లు ఓక్లాండ్ రైడర్స్ జట్టు భాగస్వామి బిల్ వింకెన్‌బాక్, ఆయన మిత్రులు. పద్ధతి ఇప్పటికీ అదే. సభ్యులు డ్రాఫ్ట్‌లో నిజమైన ఆటగాళ్లను పంచుకుని జట్లు కట్టుకుంటారు, ఆ ఆటగాళ్లు మైదానంలో ఆడినదాన్ని బట్టి పాయింట్లు పడతాయి. అందరి చందాలూ కలిస్తేనే బహుమతి సొమ్ము. పన్నెండు మంది తలా 50 డాలర్లు వేసుకుంటే 600 అవుతుంది. మొదటి స్థానానికి 400, రెండో స్థానానికి 150, మూడో స్థానానికి 50 అని ముందే చెప్పుకున్నారనుకుందాం. ఇద్దరు ఎగ్గొడితే 100 డాలర్లు తగ్గుతాయి. ఆ కోత పడేది సీజనంతా శ్రద్ధగా ఆడి గెలిచినవాళ్ల మీదే. అందుకే చందా బాకీ ఇద్దరు స్నేహితుల మధ్య చేబదులు లాంటిది కాదు, లీగ్ మొత్తానికి పడ్డ బాకీ.

ప్రశ్న: చందా ఎప్పుడు వసూలు చేయాలి?

జవాబు: డ్రాఫ్ట్‌కు ముందే. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ సెప్టెంబరులో మొదలవుతుంది, డ్రాఫ్టులు ఎక్కువగా ఆగస్టు చివర్లో జరుగుతాయి. అప్పటికి ఎవరి ఆశలు వారికుంటాయి కాబట్టి డబ్బు ఇట్టే వస్తుంది. వరసగా ఐదు వారాలు ఓడినవాడికి అదే 50 డాలర్లు దండగ ఖర్చుగా తోస్తుంది. చీటీ పాడుకుని డబ్బు తీసుకెళ్లినవాడి దగ్గర మిగతా వాయిదాలు రాబట్టడం ఎంత కష్టమో, డ్రాఫ్ట్ అయ్యాక చందా రాబట్టడమూ అంతే కష్టం. పైగా ఇక్కడ జామీను కూడా ఉండదు. గడువులోగా కట్టనివాళ్లకు డ్రాఫ్ట్‌లో చోటు లేదనే ఒక్క నియమంతో సగం తగాదాలు పుట్టకుండానే పోతాయి.

ప్రశ్న: “జీతం పడగానే పంపేస్తా అన్నా”, “వెన్మో పనిచెయ్యట్లేదు”, “పోయిన నెల బిర్యానీ బిల్లు నేనే కట్టాగా, అందులో సర్దేసుకో”. ఇలాంటి మాటలకు ఏమనాలి?

జవాబు: మొదటి మాటకు తేదీ అడగాలి. రెండోదానికి, వెన్మో లాంటిదే మరో చెల్లింపు సేవ జెల్ ఉంది, నగదు ఉంది. డాలస్‌లోనైనా న్యూజెర్సీలోనైనా తెలుగువాళ్ల ఆఫీసు లీగుల్లో చిక్కు తెచ్చేది మూడోదే, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంటుంది. బిల్లు కట్టిన మాట వాస్తవమే. కానీ ఆ బిర్యానీ తిన్నది నలుగురు, చందా పన్నెండు మంది ఉమ్మడి సొమ్ము. ఆ నలుగురిలో లీగ్ నడిపే కమిషనర్ కూడా ఉంటే తన వాటా తన జేబులోంచి ఇచ్చుకోవాలి తప్ప లీగ్ లెక్కలో చెల్లువేయడానికి వీల్లేదు. అడిగే తీరు కూడా ముఖ్యమే. ముందు విడిగా ఒక మెసేజ్ పెట్టాలి. గడువు దాటాక గ్రూపులో అందరి పేర్లతో, కట్టారా లేదా అన్న పట్టిక పెడితే చాలు, వ్యాఖ్య అక్కర్లేదు.

ప్రశ్న: చందా కట్టనివాడే మొదటి స్థానంలో నిలిస్తే?

జవాబు: నియమం ముందే రాసి ఉంటే అది ఎంత కఠినమైనా అమలు చేయాలి. రాసి లేకపోతే చందా మినహాయించి బహుమతి ఇవ్వాలి. పై లెక్కలో అతనొక్కడే బాకీ ఉంటే పోగైన సొమ్ము 550. అతనికి 350 ఇచ్చినా మిగతా ఇద్దరికీ పూర్తిగా ముడుతుంది. గెలిచాక కొత్త శిక్ష కనిపెట్టడం న్యాయం కాదు. అయితే మినహాయింపునే అలవాటు చేస్తే గెలిస్తే కోత, ఓడితే ఎగవేత అన్నట్టు తయారవుతుంది. అలాంటి సభ్యుడు సీజనంతా పైసా రిస్కు లేకుండా ఆడినట్టే. మరుసటి ఏడాదికి గడువు నియమం తప్పనిసరి.

ప్రశ్న: బాకీ ఉన్నవాడి జట్టును స్తంభింపజేయవచ్చా?

జవాబు: ట్రేడులు, కొత్త ఆటగాళ్లను తీసుకోవడం ఆపవచ్చు. లైనప్ మార్చుకోవడం మాత్రం ఆపకూడదు. లైనప్ మార్చలేక గాయపడ్డవాళ్లతో నిండిన జట్టు ఎదురైతే ఆ వారం ప్రత్యర్థికి ఉత్తపుణ్యానికి గెలుపు దక్కుతుంది, శిక్ష పడేది ప్లేఆఫ్స్ కోసం అతనితో పోటీపడే మూడో మనిషికి.

ప్రశ్న: “కమిషనర్ నిర్ణయం తప్పు, నేను కట్టను” అంటే?

జవాబు: నిర్ణయం మీద అభ్యంతరం వేరు, బాకీ వేరు. రెండింటినీ విడివిడిగా తేల్చాలి. నియమం అందరికీ ఒకేలా అర్థం కాకపోతే తగువు ఎంత దూరం పోతుందో 2022 మే 27న సిన్సినాటిలో కనిపించింది. బేస్‌బాల్ మ్యాచ్‌కు ముందు రెడ్స్ ఆటగాడు టామీ ఫామ్, జెయింట్స్ ఆటగాడు జాక్ పీడర్సన్‌ను చెంపదెబ్బ కొట్టాడు. కారణం ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్. గాయపడ్డవాళ్ల జాబితాలో ఒక ఆటగాణ్ని పెట్టడం నియమానికి విరుద్ధమా కాదా అన్నదే తగువు. ఆ లీగ్‌కు కమిషనర్ ప్రఖ్యాత బేస్‌బాల్ ఆటగాడు మైక్ ట్రౌట్. ఫామ్‌కు మూడు మ్యాచ్‌ల నిషేధం, జరిమానా పడ్డాయి.

ప్రశ్న: సొమ్ము ఎవరి దగ్గర ఉండాలి?

జవాబు: కమిషనర్ దగ్గరుంటే అందరికంటే ముందు తన చందా తానే కట్టి లెక్క చూపాలి. లీగ్‌సేఫ్ లాంటి సేవల్లో దాచి, సీజన్ ముగిశాక మెజారిటీ సభ్యుల ఆమోదంతో పంచుకునే వీలూ ఉంది.

ప్రశ్న: బాకీ కోసం కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: అమెరికాలో 2006 నాటి ఫెడరల్ చట్టం కొన్ని షరతులతో ఫాంటసీ ఆటలను జూదం కింద లెక్కించకుండా మినహాయించింది, కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. వాషింగ్టన్ రాష్ట్రంలో డబ్బు కట్టి ఆడితే జూదమే. భారతదేశంలో 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, ఆ సొమ్ము కోసం దావా నిలవదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా అలాంటి ఆటలన్నిటినీ నిషేధించింది. కాబట్టి హైదరాబాద్, విజయవాడల్లో ఐపీఎల్ ఫాంటసీ లీగ్ నడిపేవాళ్లు చందా లేకుండా, కప్పు కోసమే ఆడడం మేలు.

ప్రశ్న: ఎగ్గొట్టిన స్నేహితుణ్ని మళ్లీ చేర్చుకోవాలా?

జవాబు: పాత బాకీ తీర్చి, కొత్త చందా ముందుగా కడితే నిరభ్యంతరంగా చేర్చుకోవచ్చు. లేకపోతే ఆ చోటు మరొకరికి ఇవ్వాలి. ఈ షరతు అతనొక్కడి కోసం కాకుండా అందరికీ వర్తించేలా డ్రాఫ్ట్‌కు ముందే రాసి, గ్రూపులో అందరి చేతా సరేననిపించుకోవాలి.