యంత్రం కన్నా ముందు నేలను చదవాలి: కలుషిత స్థలాల శుద్ధిలో కొలువులు

2025 జనవరి 1 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ప్రాంగణం నుంచి 12 కంటైనర్లు పోలీసు బందోబస్తుతో బయల్దేరాయి. దశాబ్దాలుగా అక్కడే మూలుగుతున్న 337 టన్నుల విష వ్యర్థాన్ని అవి పీతంపూర్ ప్లాంటుకు చేర్చాయి. ముందు కొంత కొంతగా కాల్చి చూశారు. పొగలో ఏం వస్తోందో కొలిచారు. ఆ తర్వాత మిగిలినదంతా కాల్చారు. జూన్ నెలాఖరుకు పని ముగిసింది. ఆ ప్లాంటు హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే రీ సస్టైనబిలిటీ గ్రూపుది. పాత పేరు రామ్‌కీ ఎన్విరో అంటే మనవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది.

పత్రికల్లో వార్త అక్కడితో ఆగిపోయింది. అసలు పని మాత్రం ఇంకా మొదలే కాలేదనాలి. ఆ 337 టన్నులు షెడ్డులో మూటగట్టి పెట్టిన సరుకు. ఫ్యాక్టరీ కింద మట్టిలోకి, పక్క బస్తీల భూగర్భ జలంలోకి దిగిపోయిన రసాయనాల సంగతి వేరు. మూటలో ఉన్నదాన్ని వదిలించుకోవడానికి మంచి ఇన్సినరేటర్ ఉంటే చాలు. నేలలోకి ఇంకినదాన్ని తీయాలంటే అది ఎక్కడుందో, ఎంత లోతుకు పోయిందో, ఎటు కదులుతోందో ముందుగా ఎవరో ఒకరు చెప్పాలి. అలా చెప్పగలిగేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ. శుద్ధి పద్ధతుల పేర్లు గడగడా చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు. ఈ రంగంలోకి రావాలనుకునేవారు మొదటి కోవలో చేరాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

కొత్త నిబంధనలతో కొత్త పని

ప్రమాదకర వ్యర్థాలకు 2016 నాటి నిబంధనలున్నాయి. పుట్టిన వ్యర్థం ఎవరి దగ్గర ఎన్నాళ్లుండాలి, ఏ లారీలో పోవాలి, ఎక్కడ చేరాలి అన్నది అవి చెబుతాయి. ఇప్పటికే పాడైపోయిన నేల సంగతి ఎవరు చూడాలన్న దానికి మాత్రం చాలాకాలం విడిగా చట్టం లేదు. ఆ లోటు పూడ్చడానికి 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా వేయాలి. అనుమానం నిజమైతే వివరంగా సర్వే జరగాలి. ఆపై నిపుణ సంస్థ శుద్ధి ప్రణాళిక రాయాలి. ఖర్చు కాలుష్యం చేసినవాడి నెత్తిన పడాలి. దేశంలో అప్పటికి గుర్తించిన కలుషిత స్థలాలు 103. వాటిలో శుద్ధి పనులు మొదలైనవి 7 మాత్రమే.

ఇందులో ప్రతి మెట్టూ ఎవరో ఒకరి ఉద్యోగమే. నమూనా తీసేవారు, ల్యాబ్‌లో కొలిచేవారు, మ్యాపు గీసేవారు, ముప్పు లెక్కగట్టేవారు, ప్రణాళిక రాసేవారు, పని చేయించేవారు అందరూ కావాలి. అయితే నిబంధన వచ్చిన మర్నాడే నోటిఫికేషన్లు పడతాయని ఆశపడొద్దు. పటాన్‌చెరు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. ఇన్నేళ్లయినా అక్కడి నేల ఇంకా పాఠాలు చెబుతూనే ఉంది.

పటాన్‌చెరు పాఠం

హైదరాబాద్ వాయవ్యాన పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి పారిశ్రామికవాడల నుంచి ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరాలోకి పారిన వ్యర్థ జలాల కథ మనవాళ్లకు కొత్త కాదు. 2007లో వెలువడిన అధ్యయనం కోసం స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం బయటికి వదిలే నీటిని పరీక్షించారు. అది శుద్ధి అయ్యాక వచ్చే నీరు. అందులో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ యాంటీబయాటిక్ వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. సేంద్రియ కాలుష్యానికి కొలతలైన బీఓడీ, సీఓడీ తగ్గించడానికి కట్టిన ప్లాంటు మందు అణువులను పట్టుకోలేదు. ఏ కాలుష్యం కోసం వెతుకుతున్నామో తెలియకుండా కట్టిన యంత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పటాన్‌చెరు మరో పాఠం కూడా నేర్పుతుంది. భూగర్భ జలశుద్ధి మీద వచ్చిన పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇసుక పొరలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అక్కడ నీరు దాదాపు సమానంగా, నెమ్మదిగా కదులుతుంది. మన దగ్గర పైన కొన్ని మీటర్ల మొరం ఉంటుంది, దాని కింద గ్రానైట్ బండ. నీరు పోయేది బండలోని పగుళ్ల గుండానే. పది అడుగుల దూరంలో రెండు బోర్లు వేస్తే ఒకటి విషం, ఒకటి మంచినీరు కావచ్చు. పైగా పక్క పొలంలో రైతు మోటారు వేశాడంటే నీటి దారే మారిపోవచ్చు. హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ప్రాంతంలో భూగర్భ జలాల మీద చేసిన అధ్యయనాలు చదవండి. రాతి కింద కాలుష్యం ఎలా పాకుతుందో తెలుసుకోవడానికి అంతకన్నా దగ్గరి పాఠం లేదు. నా ఉద్దేశంలో తెలుగు విద్యార్థికి ఇది అనుకూలత. బోరు వేయించిన ఇంట పుట్టినవాడికి పగుళ్ల గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఒక సీసా నింపడం

క్షేత్రంలో మొదటి ఉద్యోగం సాధారణంగా నమూనాలు తీయడంతో మొదలవుతుంది. చూడ్డానికి చిన్న పనే. కానీ పరిశీలక బావి గొట్టంలో నిలవ ఉన్న నీరు చుట్టూ రాతిలోని నీటి సంగతి చెప్పదు. అందుకే చిన్న పంపుతో మెల్లగా తోడుతూ కొన్ని నిమిషాలకోసారి పీహెచ్, విద్యుత్ వాహకత, ఉష్ణోగ్రత రాసుకుంటారు. వరుస రీడింగులు నిలకడగా వచ్చాకే సీసా అందుకుంటారు. బెంజీన్, ట్రైక్లోరోఇథిలీన్ లాంటి ఆవిరైపోయే ద్రావకాల కోసమైతే 40 మిల్లీలీటర్ల గాజు వయల్ వాడతారు. అందులో కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం ముందే వేసి ఉంటుంది. పొంగనివ్వకుండా, నీరు మూతి పైన ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపాలి. మూత బిగించి, తలకిందులు చేసి, వేలితో తట్టి చూడాలి. చిన్న గాలి బుడగ కనిపించినా ఇంకో వయల్ తీసుకోవాల్సిందే. మనం కొలవాల్సిన రసాయనం ఆ బుడగలోకి ఆవిరైపోతుంది, ల్యాబ్ లెక్క తక్కువ చూపిస్తుంది.

తర్వాత ఐస్ పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచి 14 రోజుల్లోపు పరీక్ష చేయించాలి. వెంట చైన్ ఆఫ్ కస్టడీ కాగితం పోతుంది. నమూనా ఎవరు తీశారు, ఎన్ని గంటలకు, ఎవరి చేతికిచ్చారు అన్నీ అందులో ఉంటాయి. కేసు కోర్టుకెక్కితే ఎదుటి వకీలు ముందుగా వెతికేది ఆ కాగితంలో తప్పునే. ఇంటర్వ్యూలో ఈ ఒక్క పనిని వివరంగా చెప్పగలిగిన ఫ్రెషర్‌ను నేనైతే పదిమందిలో ముందుకు తీస్తాను.

టెక్నాలజీలు: ఏది ఎక్కడ పనిచేస్తుంది

పాత పద్ధతి నీరు తోడి, పైన శుద్ధి చేసి వదలడం. ఏళ్ల తరబడి సాగుతుంది, కరెంటు బిల్లు మోత మోగుతుంది. అందుకే నేలలోనే శుద్ధి చేసే పద్ధతుల మీద పరిశోధన పెరిగింది. కెనడాలో వాటర్‌లూ విశ్వవిద్యాలయం వారు 1991లో ఒక ప్రయోగం చేశారు. కలుషిత జలం పోయే దారికి అడ్డంగా ఇనుప రజను నింపిన గోడ పెట్టారు. నీరు దాని గుండా పోతుంటే క్లోరిన్ ఉన్న ద్రావకాలు విరిగిపోతాయి. మోటారు అక్కర్లేదు. ఇసుక నేలలో అద్భుతంగా పనిచేస్తుంది. మరి గ్రానైట్ బండలో కందకం ఎవరు తవ్వుతారు? పర్మాంగనేట్, పర్‌సల్ఫేట్ లాంటి ఆక్సీకారులను బోరు ద్వారా ఎక్కించే పద్ధతికీ మన దగ్గర ఇదే చిక్కు. పెద్ద పగులు దొరికితే మందంతా అందులోంచే జారిపోతుంది, సన్న పగుళ్లలోని విషం అలాగే ఉండిపోతుంది.

సూక్ష్మజీవులతో చేసే శుద్ధి మైక్రోబయాలజీ చదివినవాళ్ల రాజ్యం. డీహాలోకోకాయిడిస్ అనే బ్యాక్టీరియా ట్రైక్లోరోఇథిలీన్‌ను అంచెలంచెలుగా హానిలేని ఇథీన్ దాకా విడగొడుతుంది. మధ్యలో ఆగిపోతే మాత్రం వినైల్ క్లోరైడ్ మిగులుతుంది. అది మొదటిదానికన్నా ప్రమాదకరం. కాబట్టి బ్యాక్టీరియా వదిలి చేతులు దులుపుకోవడానికి లేదు, నెలనెలా కొలుస్తూ ఉండాల్సిందే. మన దేశంలో టెరీ సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ చమురు శుద్ధి కర్మాగారాల జిడ్డు మడ్డిని తినే బ్యాక్టీరియా మిశ్రమం. ఆర్సెనిక్‌ను పీల్చుకునే ఫెర్న్ మొక్క సంగతి 2001లో ఫ్లోరిడా పరిశోధకులు బయటపెట్టారు. మొక్కలతో శుద్ధి ఫొటోల్లో అందంగా ఉంటుంది. వేరు అందేంత లోతు వరకే అది సాధ్యమన్న మాట చాలా కరపత్రాల్లో కనిపించదు.

లోహాలకు దారి వేరు. పాదరసమైనా క్రోమియమైనా విరిగి మాయమవదు. కడిగి వేరు చేయాలి, వేడిచేసి పట్టుకోవాలి, లేదా సిమెంటుతో కట్టిపడేయాలి. కొడైకెనాల్ థర్మామీటర్ ఫ్యాక్టరీ నేలలో కిలో మట్టికి 20 మిల్లీగ్రాముల పాదరసం దాకా తగ్గిస్తే చాలని ప్రమాణం పెట్టారు. అది చాలదని ఉద్యమకారులు ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఎంత శుభ్రం చేస్తే చాలు అన్న ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పేవారిని రిస్క్ అసెసర్ అంటారు. రసాయన శాస్త్రం, విషశాస్త్రం, గణాంకాలు మూడూ తెలిసినవాళ్లు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఇక పీఫాస్. నాన్‌స్టిక్ పూతల్లో, మంటలార్పే నురగలో వాడిన ఈ రసాయనాలు ప్రకృతిలో అంత తేలిగ్గా విచ్ఛిన్నం కావు. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో రెండు పీఫాస్‌లకు తాగునీటిలో లక్ష కోట్ల భాగాలకు 4 భాగాలే పరిమితి పెట్టింది. వీటిని నాశనం చేయడానికి 374 డిగ్రీలు, 221 బార్ల పీడనం దాటిన నీటిలో ఆక్సీకరణం చేసే పద్ధతి మీద ఇప్పుడు గట్టి పరిశోధన జరుగుతోంది. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవారు దీన్ని గమనిస్తూ ఉండాలి.

ఇప్పటికిప్పుడు ఉద్యోగాలున్న చోటు

నిజం చెప్పాలంటే ఈ ఏడాది డిగ్రీ చేతికొచ్చేవారికి త్వరగా దొరికేది వ్యర్థం పుట్టేచోట, పారవేసే చోట ఉద్యోగమే. హైదరాబాద్ దగ్గర దుండిగల్, విశాఖ దగ్గర పరవాడ ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు ఫార్మా, రసాయన కంపెనీల నుంచి లారీలు వస్తుంటాయి. లారీ గేటు దాటాక గేట్ ల్యాబ్ కెమిస్ట్ నమూనా తీస్తాడు. మానిఫెస్ట్‌లో రాసిందీ డ్రమ్ములో ఉన్నదీ ఒకటేనా అని చూస్తాడు. పీహెచ్, మంట అంటుకునే ఉష్ణోగ్రత, నీటితో కలిస్తే ఏమవుతుంది, కాలిస్తే ఎంత వేడి వస్తుంది అన్నవి పరీక్షిస్తాడు. దీన్నిబట్టి సరుకు ఇన్సినరేటర్‌కా, ల్యాండ్‌ఫిల్‌కా, సిమెంటు ఫ్యాక్టరీకా తేలుతుంది. బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకు ఇది మంచి ప్రవేశద్వారం. సిమెంటు బట్టీల్లో ఈ వ్యర్థాలను ఇంధనంగా వాడే విభాగాన్ని ఏఎఫ్‌ఆర్ అంటారు. బట్టీ లోపల 1450 డిగ్రీల వేడి ఉంటుంది, బూడిద క్లింకర్‌లోనే కలిసిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో సిమెంటు ఫ్యాక్టరీలకు కరవు లేదు.

బల్క్ డ్రగ్ కంపెనీల్లో వ్యర్థ జలాన్ని బయటికి వదలని జెడ్‌ఎల్‌డీ ప్లాంట్లు నడిపేందుకు కెమికల్ డిప్లొమా, బీటెక్ వాళ్లను తీసుకుంటారు. లవణాలు ఎక్కువున్న (హై టీడీఎస్) నీరు స్ట్రిప్పర్, ఎంఈఈ అనే ఆవిరి యంత్రం, ఏటీఎఫ్‌డీ అనే డ్రయ్యర్ మీదుగా పోయి చివరికి ఉప్పుగా మిగులుతుంది. ఆ ఉప్పు మళ్లీ దుండిగల్‌కో పరవాడకో. షిఫ్టులు కష్టం, వాసన కష్టం. రెండేళ్లు చేస్తే మాత్రం పుస్తకంలో లేని చాలా సంగతులు వంటబడతాయి.

సర్కారు కొలువుల్లో కాలుష్య నియంత్రణ మండళ్ల అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్, అనలిస్ట్ పోస్టులు ముఖ్యం. పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీల్లో నాబెట్ గుర్తింపు పొందిన నిపుణులు ఉండాలి. హైడ్రోజియాలజీకి, ఘన, ప్రమాదకర వ్యర్థాలకు విడివిడి నిపుణులు అవసరం. ఈఆర్‌ఎం, ఆర్కాడిస్, ఏఈకామ్ లాంటి అంతర్జాతీయ సంస్థలకు మన దేశంలో కార్యాలయాలున్నాయి. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనే ముందు దాని ఫ్యాక్టరీ నేలను పరీక్షించే ఫేజ్ 1, ఫేజ్ 2 పనులు ఇలాంటి సంస్థలు చేస్తాయి.

ఏం చదవాలి

సివిల్, కెమికల్ బీటెక్‌లు, జియాలజీ, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ డిగ్రీలు, అన్నిటికీ ఇందులో చోటుంది. నన్నడిగితే జియాలజీ వైపు చూడమంటాను, పోటీ తక్కువ. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో జియాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పీజీలున్నాయి. 2021 నుంచి గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ విడి పేపరుగా వచ్చింది. ఐఐటీల్లో ఎంటెక్ కోరుకునేవారికి అది సూటి దారి. తార్నాకలో నీరి జోనల్ సెంటర్, గచ్చిబౌలిలో ఈపీటీఆర్‌ఐ, హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి. ప్రాజెక్టు కోసం ఈ మూడు చోట్లా అడిగి చూడండి.

డబ్బు పెట్టకుండా నేర్చుకోదగ్గవి ఉన్నాయి. భూగర్భ జల ప్రవాహాన్ని లెక్కగట్టే మాడ్‌ఫ్లో సాఫ్ట్‌వేర్‌ను, నీటి రసాయనాలను లెక్కించే ఫ్రీక్ (PHREEQC)ను అమెరికా జియలాజికల్ సర్వే ఉచితంగా ఇస్తుంది. మ్యాపులకు క్యూజీఐఎస్ ఉంది. పైథాన్ వచ్చినవారు ఫ్లోపై లైబ్రరీతో మాడ్‌ఫ్లోను నడపొచ్చు. మీ ఊరి పది బోర్ల నీటిమట్టాలు వానాకాలం ముందు, తర్వాత కొలిచి ఒక చిన్న మోడల్ చేసి చూడండి. రెజ్యూమెలో ఆ ఒక్క లైను సర్టిఫికెట్ల కట్ట కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

ఎంఎస్‌కు అమెరికా వెళ్లేవారు కలుషిత స్థలాల శుద్ధికి అక్కడ ఉన్న 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం ఏమిటో వెళ్లేలోపే చదువుకోవాలి. కలుషిత స్థలాల్లో దిగే సిబ్బంది చాలామందికి అక్కడ హాజ్‌వోపర్ అనే 40 గంటల భద్రతా శిక్షణ తప్పనిసరి. ఇంజినీర్ లైసెన్సుకు తొలిమెట్టు ఎఫ్‌ఈ పరీక్షను చదువుకునే రోజుల్లోనే రాసేయడం మేలు. మిలిటరీ స్థావరాల శుద్ధి పనుల్లో పౌరసత్వం అడిగే సందర్భాలున్నాయని గుర్తుంచుకోండి.

జీతం సంగతి దాచడం దేనికి? మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి కన్నా తక్కువే వస్తుంది. అనుభవం పెరిగాక, ముఖ్యంగా స్థలాన్ని చదివే నైపుణ్యం వచ్చాక, అంతరం తగ్గుతుంది. ఇంకో ఒత్తిడి కూడా ఉంటుంది. నివేదికలో ఒక అంకె మార్చమని, ఆ ఒక్క బోరు ఫలితం వదిలేయమని అడిగేవాళ్లు ఎదురవుతారు. ఫీల్డ్ నోట్‌బుక్ పెన్నుతో రాయండి, పేజీలకు నంబర్లు వేయండి, తప్పయితే ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టండి. ఇక మాస్కు ఇవ్వకుండా, గ్లవ్స్ ఇవ్వకుండా గోతిలో దిగమనే యజమాని దగ్గర ఎంత జీతమిచ్చినా చేరొద్దు. చేరే ముందు ఏడాదికోసారి రక్త పరీక్షలు చేయిస్తారా అని అడగండి. ఆ ప్రశ్నకు మొహం చిట్లిస్తే వేరే ఆఫర్ చూసుకోండి.